మా మేనత్త కట్టిన పర్దా

నిన్న పొద్దున మా బస్తీ సంఘం వాళ్లు వచ్చి, చిలకలగూడలో కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాలుకు మా నాయన పేరు పెడుతున్నామని, ప్రారంభానికి రమ్మని చెప్పి ఫోనులో ఫ్లెక్సీ చూపించారు. పోలీసు చర్య రోజుల్లో పక్కింటి ముస్లిం ఆడవాళ్ల కోసం గల్లీలో పర్దా కట్టించి వాళ్ల మర్యాద కాపాడిన మహనీయుడని నాయన బొమ్మ కింద రాసి ఉంది. కట్టింది ఆయన కాదు, ఆయన చెల్లెలు, మా మేనత్త అన్నాను.

"పెద్దసారే మీటింగుల్ల చెప్తుండెనట గదా అమ్మమ్మా. ఫ్లెక్సీ ప్రింటుకు సుత పోయింది" అన్నారు.

చెప్పేవాడు, నిజమే. నా కడుపు మండేది అందుకే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, రజాకార్ల రోజుల్లో ఎవరి తలుపు ఎప్పుడు తడతారో తెలిసేది కాదు. వాళ్లు నాయన కోసం వచ్చిన రోజు, మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ ఆయన్ను తమ ఇంట్లో ఆడవాళ్లుండే గదిలోకి తోసి, పర్దా దించి, గుమ్మంలో నిలబడి లోపల కోడళ్లున్నారని చెప్పింది. ఎంత తెగించినవాడైనా ఆ మాట విన్నాక పర్దా ఎత్తడు. వచ్చినవాళ్లు వెనక్కి తిరిగారు, నాయన బతికాడు.

తర్వాత పోలీసు చర్య పేరుతో మిలిటరీ వచ్చింది, గాలి తిరిగింది. రజాకార్లేమోనన్న అనుమానంతో ఖాలా భర్తనూ కొడుకులనూ విచారణకని పట్టుకుపోయారు. తోలుసంచితో వాళ్లింటికి నీళ్లు పోసే భిస్తీ భయపడి రావడం మానేశాడు. ఆ ఇంటి ఆడవాళ్లు ఏనాడూ వీధి నల్లా ముఖం చూసినవాళ్లు కారు. లోపల కుండలు ఎండిపోయినా గడప దాటలేదు. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉంటున్న మేనత్తకు ఈ సంగతి తెలిసి, ఖాలా గుమ్మం నుంచి నల్లా దాకా తాడు కట్టి, దాని మీద దుప్పట్లూ, ఇక తాను కట్టుకోలేని తన పెళ్లినాటి చీరలూ వేసింది. ఆ చాటున వాళ్లు నీళ్లు పట్టుకున్నారు.

అరుగుల మీది మగవాళ్లకు ఇది నవ్వులాట అయింది. నాయన కనబడితే చాలు, "ఏందన్నా, మళ్ల పర్దా కట్టించినవ్? ఈసారి ఎవనికి భయపడ్డవ్?" అనేవాళ్లు. ఆ కోపమంతా ఇంటికొచ్చి చెల్లెలి మీద చూపించేవాడు. "నీ పానం దాసిన ఇల్లు అన్నా అది, జెర యాది చేస్కో" అనేది మేనత్త.

ఒకరోజు తెల్లవారుతుండగా, ఖాలా బిందె పెట్టి నల్లా దగ్గర ఉన్నప్పుడే, నాయన కొడవలితో తాడు కోశాడు. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. దుప్పట్లు కుప్పగా పడ్డాయి. అంత పెద్దావిడ మోకాళ్లలో ముఖం దాచుకుని బురదలో కూర్చుండిపోయింది. అరుగుల మీద నవ్విన వాళ్లెవరో ఇప్పటికీ వరసగా చెప్పగలను. వాళ్ల మనవలే నిన్న నన్ను పిలవడానికి వచ్చింది.

మేనత్త పరుగెత్తి దుప్పటి కప్పి ఖాలాను ఇంట్లోకి చేర్చి, కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఖాలా ఒక్కటే అంది: "ఏడ్వకు బిడ్డా. పర్దా ఎనక కూసున్నోనికే ఎరుక, అది పడిపోతే ఎట్లుంటదో."

తెగిన తాడుకు ముడి వేసి మేనత్త మళ్లీ కట్టింది, ఆ ఇంటి మగవాళ్లు తిరిగొచ్చేదాకా రోజూ పక్కనే కాపలా నిలబడింది. వాళ్లు వచ్చాక ఇల్లు ఖాళీ చేసి పాతబస్తీకి వెళ్లిపోయారు. పోయేటప్పుడు ఖాలా మేనత్తను కావలించుకుంది కానీ మా గుమ్మం వైపు చూడలేదు.

ఆ తర్వాత మేనత్త జీవితమంతా అదే పని. మనిషిని పట్టుకుపోయిన ఇల్లు ఎవరిదైనా సరే, ఆ ఇంటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచేది. పాకీవాళ్లను నల్లా ముట్టనివ్వకపోతే వాళ్లతో కలిసి బిందెల వరసలో నిలబడేది. నాయనేమో శాంతి సంఘం పెద్ద అయ్యాడు. మా నడింట్లో జనాన్ని కూర్చోబెట్టి పర్దా కట్టించిన కథ చెబుతుంటే, వాళ్లందరికీ చాయ్ కలుపుతూ మేనత్త వంటింట్లోంచి వినేది. ఒక్కనాడూ కాదనలేదు. ఆ తాడును మాత్రం పెరట్లో బట్టలారేయడానికి కట్టి, దాని మీద నాయన ధోవతులు మాత్రమే వేసేది. స్నానం చేసి ధోవతి తీసుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ ముడి ఆయన కళ్లెదుటే ఉండేది. వేరే తాడు కట్టమని ఆయనా అడగలేదు.

మేనత్త ఊరుకుంది. నేను ఊరుకోను. ప్రారంభానికి వెళ్తాను, మైకు ఇస్తే ఇదంతా చెబుతాను, ఇవ్వకపోతే లేచి నిలబడి చెబుతాను.

ఇప్పుడు మా గల్లీలో నల్లాలు వంటిళ్లలోకే వచ్చాయి, ప్రతి గుమ్మానికీ ఇనుప గ్రిల్లు ఉంది, పక్కింట్లో ఎవరుంటారో నాకు తెలియదు. రేపు ఎవరినైనా తరుముకుంటూ వస్తే, లోపలికి తోసి పర్దా దించడానికి ఏ గుమ్మంలో ఏ ఖాలా నిలబడి ఉంటుందా అని నిన్నంతా వాకిట్లో కూర్చుని ఆలోచించాను. తలుపులన్నీ వేసే ఉన్నాయి.