పార్షియల్ అంటే ఎంత?

ఎమ్మిగనూరులో ఓ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. స్లైట్లీ, పార్ట్లీ, మోస్ట్లీ అనే మాటలు పిల్లల తలకెక్కించడానికి నాదొక పద్ధతి ఉంది. బోర్డు మీద జొన్నరొట్టె గీస్తాను. అంచు కొరికితే స్లైట్లీ, సగం తుంచితే పార్ట్లీ, చిన్న ముక్కే మిగిలితే మోస్ట్లీ. ఆ రొట్టె గురించి నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మా వాళ్లలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. పోయిన పత్తి పంటకాలంలో మా అక్క ఒక చీటీ పట్టుకొచ్చింది. ఆమెది ఆదోని పక్క పల్లె, కూలి పనులకు పోతుంది. ఆదోనిలో కంటి క్యాంపు వాళ్లు చూసి, ఆ చీటీ రాసిచ్చి కర్నూలు పొమ్మన్నారట. ఎందుకో విడమరిచి చెప్పే తీరిక అక్కడెవరికీ లేదు.

కుడికంటి రెటీనా పార్షియల్‌గా విడిపోయిందని ఉంది. నేను తడుముకోలేదు. చీటీ వెనక రొట్టె గీసి, ఒక పక్క గీతలు కొట్టాను.

"కంటి లోపలి పొర ఇంత ఊడింది. మిగిలిందంతా బాగుంది అక్కా. కొంచెమే."

"కొంచెమేనా! ఇంకా పది దినాలు పత్తి తీసేదుంది మే. అది అయినాంక పోతాలే."

కొంచెం జ్వరమొచ్చినా, కొంచెం తెగినా మా ఇళ్లలో పని మానరు. అది తెలిసీ ఆమెను బస్సెక్కించి పంపాను.

మూడోరోజు పొద్దున పరీక్ష పేపరు తయారుచేస్తున్నాను. వానకు గోడ పార్షియల్‌గా కూలింది అని ఒక వాక్యం రాసి, పెన్ను ఆపేశాను. సగం కూలిన గోడ కింద ఎవరైనా కూర్చుంటారా? తుంచిన రొట్టె తుంచిన కాడే ఆగుతుంది. గోడ ఆగదు. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను.

బస్సులో ఆదోనికి, ఆటోలో పల్లెకు, అక్కడినుంచి చేనుకు నడక. ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవర్‌ను మనసులో తిట్టుకున్నాను. అక్క సాళ్ల మధ్య వంగి పత్తి తీస్తోంది.

"ఎడమ కన్ను మూసుకో అక్కా. నన్ను చూడు."

మూసుకుని నిలబడింది. "మొన్న ఒక మూలకే నల్లగ ఉండె. ఈ పొద్దు నీ మొగమే కనపడల్యా. అయినా కొంచెమే అంటివి కదా, అందుకే నేనేం భయపడల్యా."

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

సాయంత్రానికి కర్నూలు చేరాం. డాక్టరు కన్ను పరీక్షించి, ఆపరేషన్ చేస్తాం గానీ చూపు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. చీటీ ఇచ్చిన రోజే వచ్చి ఉంటే దక్కేదేమో అన్నాడు. తర్వాత కోపంగా చీటీ ఎత్తి చూపించాడు.

"ఇంత స్పష్టంగా రాసిచ్చారు. చదివి చెప్పేవాళ్లే లేరా మీకు?"

నేను నోరు తెరిచేలోగా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేరు సార్. మా ఇండ్లల్లో సదువుకున్నోళ్లు ఎవురూ లేరు."