సూర్ దారిలో ఇంకొకరి పాస్‌పోర్ట్

మస్కట్ నుంచి సూర్ వెళ్లొచ్చిన మనవాళ్లందరూ దారి పక్కనున్న ఆ నీలి నీళ్ల గుంట దగ్గర ఫొటో దిగి పెడతారు. నేను అదే దారిలో ఒక్క రోజులో నాలుగుసార్లు తిరిగాను, ఆ గుంట వైపు తలైనా తిప్పలేదు. ఓబులమ్మను విమానం ఎక్కించడానికి బయల్దేరిన ప్రయాణం అది. కడప జిల్లా మనిషి. ఒకప్పుడు మస్కట్‌లోని వాడి కబీర్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో పని చేసేది, నాలుగేళ్ల కింద సూర్‌లో ఒక తెలుగు కాంట్రాక్టరు ఇంటికి మారింది. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. తిరుపతిలో ఆపరేషన్‌కి సోమవారం తేదీ ఇచ్చారు, అది తప్పితే మళ్లీ మూడు నెలలు. వీసా రద్దయింది, శనివారం సాయంత్రం ఐదూ పదికి చెన్నై విమానానికి టికెట్ తీసుకుంది. శుక్రవారం ఫోన్ చేసి, "అక్కా, పాస్‌పోర్ట్ ఇయ్యమంటే ఇంగో పదిదినాలు ఉండమంటాండాది మేడమ్. నువ్వొచ్చి ఒక మాట మాట్లాడు" అంది. ఒక మాటతో ఆగే మనిషిని కాదని ఆమెకు తెలుసు. అందుకే నన్ను పిలిచింది.

బస్సుంది, చవక కూడా. కానీ మన టైముకి అది తిరిగి రాదు. అందుకని తెలిసిన టాక్సీ డ్రైవరు ఖమీస్‌తో రానూపోనూ నలభై రియాల్స్‌కి మాట్లాడుకున్నాను. అరవై దాటిన ఒమానీ. కుర్రతనంలో ఇండియావాళ్లతో పనిచేసి నేర్చుకున్న హిందీ, నా హైదరాబాదీ హిందీ కంటే శుభ్రంగా ఉంటుంది. ఆరింటికి బయల్దేరి, ఖురియాత్ మీదుగా, ఎడమచేతి పక్కన సముద్రాన్ని పెట్టుకుని, ఎనిమిదిన్నరకి సూర్ చేరాం.

ఆ ఇంటావిడకి నలభై ఉంటాయి. కాఫీ ఇచ్చింది, కుర్చీ వేసింది, "అక్కయ్యా" అంది. "మా అత్తగారు మంచంలో ఉన్నారు. కొత్త మనిషి వచ్చేదాకా ఆగమన్నాను, తప్పా? ఓబులమ్మని ఇంట్లో మనిషిలా చూసుకున్నాం."

"ఇంట్లో మనుషుల పాస్‌పోర్టులు కూడా బీరువాలో పెట్టి తాళం వేస్తారా?"

"జాగ్రత్త కోసమండీ. వీళ్లు ఎక్కడో పారేసుకుంటారు."

ఈ 'జాగ్రత్త' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పనివాళ్ల పాస్‌పోర్ట్ యజమాని ఉంచుకోకూడదని ఈ దేశపు చట్టమే చెబుతోంది. అయినా మన సంఘాల్లో స్త్రీశక్తి మీద ఉపన్యాసాలిచ్చే ఇళ్లలోనే ఈ బీరువాలు ఎక్కువ. అరబ్బులు ఇలా, అరబ్బులు అలా అని వాపోయే మనం, మన వంటింట్లో ఏం చేస్తున్నామో చెప్పుకోం. అదంతా ఆవిడ మొహం మీదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. లేబరాఫీసు అన్నాను, ఎంబసీ అన్నాను. "మీలాంటివాళ్లు రెచ్చగొట్టబట్టే వీళ్లిలా తయారవుతున్నారు" అని ఆవిడ లేచి, బీరువా తీసి, ఒక కవరు బల్ల మీద విసిరింది. టికెట్, వీసా రద్దు కాగితం, నీలం అట్ట పాస్‌పోర్ట్. గెలిచానన్న ఊపులో కవరు సంచిలో కుక్కి, ఓబులమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. అప్పుడు తొమ్మిదీ ముప్పావు.

దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. పదకొండింటికి ఖురియాత్‌లో ఒక మలయాళీ కొట్టు దగ్గర చాయ్‌కి ఆగాం. ఓబులమ్మ గ్లాసు పక్కన పెట్టి, "నా పోటో చూపీక్కా. నాలుగేండ్లాయ చూసుకోక" అంది. నవ్వుతూ పాస్‌పోర్ట్ తీసి ఆమె చేతికిచ్చాను. కంటికి ఆనించుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"నేను గాదు ఇది. మా మంగతాయారు."

లాక్కుని చూశాను. ఆ ఇంట్లో పనిచేసే రెండో మనిషి, గోదావరి జిల్లా మంగతాయారు, ఫొటోలోంచి బిత్తరపోయి నావైపు చూస్తోంది.

ఖమీస్ చాయ్ గ్లాసు దించకుండానే అడిగాడు: "గంటంబావు కొట్లాడాను అన్నావు కదా సిస్టర్. ఒక్క నిమిషం తెరిచి చూడలేదా?"

ఇంటావిడకి ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నా మాటల తర్వాత ఎందుకెత్తుతుంది? కారు వెనక్కి తిప్పాం. గంటంబావు అటు, మళ్లీ దగ్గర దగ్గర మూడు గంటలు ఎయిర్‌పోర్టుకి. నాలుగూ పదికి కౌంటరు మూసేస్తారు. స్పీడు ముల్లు నూట ఇరవై దగ్గర కదలకుండా ఉంది.

"కొంచెం తొక్కు ఖమీస్ భాయ్!"

"రోడ్డు పక్క రాడార్ కెమెరాకి ఈమె కన్ను సంగతి తెలీదు. నా లైసెన్సు పోతే రేపు నీ పక్కింటివాళ్లను ఎవరు దింపుతారు?"

ఓబులమ్మ వెనకసీట్లో కూర్చుని తిట్టినా బాగుండేది. తివీ ఊరు దాటాక, "సోమారం పోతే పోనీలేక్కా" అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదని తెలిసి ఇంకా కుచించుకుపోయాను.

పన్నెండున్నరకి గేటు తీసిన ఇంటావిడ, నేను పాస్‌పోర్ట్ తెరిచి చూపించగానే తెల్లబోయింది. కావాలని చేసిందనే దారంతా అనుకున్నాను. కాదు. ఏళ్ల తరబడి తన బీరువాలో ఉన్న ఆ రెండు పుస్తకాల్లో ఏది ఎవరిదో ఆవిడకి తెలీదు. పరుగెత్తి రెండోది తెచ్చింది. ఈసారి తెరిచాను. ఓబులమ్మే.

ఈలోగా మంగతాయారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "నాదేనాండి అది? ఒక్కసారి ఇవ్వండి. మూడేళ్లయిందండి చూసి." ఇచ్చాను. చూసుకుంది, నవ్వింది. "లావయ్యానేటండి?" ఫోన్‌తో ఆ పేజీ ఫొటో తీసి ఆమెకే పంపాను. "నీ దగ్గరే ఉంచుకో" అన్నాను, ఇంటావిడ వినేలా. ఇంటావిడ చెయ్యి చాపింది. మంగతాయారు ఇద్దరినీ చూసింది.

"మీరు కారెక్కి వెళ్లిపోతారండి. నేను సాయంత్రం ఇక్కడే వండాలి" అని, పాస్‌పోర్ట్ ఇంటావిడ చేతిలో పెట్టింది.

పొద్దున్న గంటంబావు వాదించిన నేను, ఓబులమ్మ పాస్‌పోర్ట్ సంచిలో పెట్టుకుని గేటు వైపు తిరిగాను. ఖమీస్ హారన్ కొట్టాడు.

తిరిగి ఎక్కడా ఆగలేదు. మూడూ ముప్పై అయిదుకి ఎయిర్‌పోర్టు. కౌంటరులో అమ్మాయి ఫొటో చూసి, మనిషిని చూసి, తల ఊపేదాకా నేను కౌంటరు వదల్లేదు. ఓబులమ్మ పాస్‌పోర్ట్‌ని రెండు చేతుల్తో పట్టుకుంది. సంచిలో పెట్టుకోమంటే వినలేదు. "నువ్వు గట్టిగా మాట్లాడేది మేలే అక్కా," అంది వెళ్తూ. "సూసేది మరిసిపోతే ఎట్లా?"

వారం నుంచి ఆ మాటతోనే కొట్లాడుతున్నాను. ఆ బీరువా నేరమే, దాని మీద నా కోపం తగ్గలేదు, తగ్గించను కూడా. కానీ ఆ ఇంటావిడ తెరిచి చూడలేదు, నేనూ తెరిచి చూడలేదు. ఆవిడకి అదొక తాళం చెవి, నాకు గెలుపు జెండా. అందులో ఒక ముఖం ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. వాదనలో నేను గెలిచాను, విమానం మాత్రం ఓబులమ్మ పోగొట్టుకోబోయింది. మంగతాయారు పాస్‌పోర్ట్ ఇంకా ఆ బీరువాలోనే ఉంది. మొన్న ఆమెకి ఫోన్ చేశాను. ఈసారి ఏం చేయాలో నేను చెప్పలేదు, ఏం కావాలో అడిగాను. "సెలవుకెళ్లేటప్పుడు దాన్ని బీరువాలోంచి నా ఎదురుగా తీయించండి, చాలు" అంది.

ఈ దారిలో ఎవరినైనా విమానం ఎక్కించడానికి వెళ్లేవాళ్లకి ఒక్క సూచన: పాస్‌పోర్ట్ చేతికి రాగానే, గేటు దాటకముందే తెరవండి. పక్కనున్న మనిషికి చూపించి, ఇది నువ్వేనా అని అడగండి. మిగతా పోట్లాట ఆ తర్వాత.