గాలి పోయిందా?

కర్ణాటకలో రాయచూరు దగ్గర, జవళగేర పక్క క్యాంపులో భ్రమరాంబ నోటికి జడవని మనిషి లేడు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పండించుకునే కుటుంబాల ఊరది. నాట్లకు కూలీలు కాస్త ఆలస్యమైతే చాలు, ఆవిడ కేక అవతలి గట్టుకు వినబడేది. అంత నోరున్న మనిషీ ఒక్క విషయం మాత్రం నెలల తరబడి నోట్లోనే దాచుకుంది. ముట్లుడిగిన ఇన్నేళ్లకు మళ్లీ ఎరుపు కనబడింది. ఈ వయసులో ఇదేం ఖర్మరా దేవుడా అని సిగ్గుపడి, పాత చీరలు చింపుకుంటూ గుట్టుగా గడిపింది.

చివరికి మొగుడు చెన్నకేశవరావుకు చెప్పక తప్పలేదు. చెప్పి ఏం లాభం? "సందెవేళ కాలవ గట్టుకు పోవద్దంటే వింటావా? గాలి సోకింది," అని తేల్చేసి, సిరవార దాకా పోయి తాయెత్తు తెచ్చి కట్టాడు. మంచివాడే పాపం, ఈ విషయంలోనే తెలివి తక్కువ. తాయెత్తు మెడలో ఉంది, ఎరుపు చీరకు అవుతూనే ఉంది. దేని దారి దానిదే.

ఆ గుట్టు రట్టు చేసింది హులిగెమ్మ. వాళ్ల పొలంలో ఏటా నాట్లు వేసే ఆడకూలీల ముఠాకు ఆమే పెద్ద. గట్టు మీద కూర్చున్న భ్రమరాంబ లేచినప్పుడు చీర వెనక మరక చూసింది. తన తువ్వాలు తీసి ఆవిడ నడుముకు చుట్టి, చెవి దగ్గర అడిగింది.

"ఏందమ్మా ఇది? ఎప్పటి సంది?"

"గాలి సోకిందంటున్నారే. తాయెత్తు కట్టారుగా, తగ్గుద్దిలే."

"గాలి లేదు, గీలి లేదు! మా అక్క గిట్లనే అనుకుంట కూసుని మట్టిల కలిసిపోయింది. రేపు రాయచూరు దవాఖానకు పోతవా, పోవా? పోకుంటే నా ముఠా నీ మడిల కాలు పెట్టదు."

నారు ముదిరిపోతున్న రోజులవి. తాయెత్తు మీద ఎంత నమ్మకమున్నా, ఆ బెదిరింపుకు చెన్నకేశవరావు మర్నాడే పెళ్లాన్ని బస్సెక్కించాడు.

పరీక్షలన్నీ చేసి గర్భసంచిలో క్యాన్సర్ అన్నారు. పొట్ట కోసి తీసేయాలన్నారు. "బయటికి పాకిందో లేదో తీసిన తరవాత పరీక్షకు పంపితేనే తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. ఆపరేషన్ అయి కళ్లు తెరిచాక కూడా భ్రమరాంబను కుట్లకన్నా ఆ మాటే ఎక్కువ పొడిచింది. పాకితే ఏం గతి?

మర్నాడు నర్సు సుమంగళ వచ్చి కన్నడంలో అడిగింది. "గాళి హోతేన్రీ అమ్మా?"

గాలి పోయిందా అని! భ్రమరాంబ గతుక్కుమంది. తాయెత్తు సంగతి ఈ పిల్లకెవరు చెప్పారు? మంచం పక్కనున్న మొగుణ్ణి కొరకొరా చూసి, "గాలీ లేదు, గీలీ లేదమ్మా! అంతా ఈయన నిర్వాకం," అంది. 'లేదు' అన్న మాట ఒక్కటే సుమంగళకు అందింది. సరే, అయితే నీళ్లు కూడా ఇప్పుడే వద్దని చెప్పి వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. తెల్లారాక కూడా అంతే. నాలుక పిడచకట్టుకుపోతోంది. గాలి లేదంటే మంచినీళ్లివ్వరా? ఇదెక్కడి చోద్యం!

చూడ్డానికి వచ్చిన హులిగెమ్మ ఈ గోడంతా విని నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఆ గాలి కాదు. కడుపుల గాలి. కిందికెల్లి పోయిందా అని అడుగుతున్నది. ఆపరేషనయినంక అది పోతేనే నీళ్లిస్తరు."

"ఓసినీ, అదా! అది పొద్దున్నే పోయిందే! ఈయన పక్కనే ఉన్నారు, అడుగు!"

"నేను బయట ట్రాక్టరు స్టార్టయిందనుకున్నా," అన్నాడు చెన్నకేశవరావు.

వార్డంతా గొల్లుమంది. కుట్లు లాగుతుంటే దిండు పొట్టకు అదుముకుని భ్రమరాంబ కూడా నవ్వింది. సుమంగళ తెచ్చిన చెంచాడు నీళ్లు గొంతు దిగాక, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చాక బిందె ఎత్తకూడదు, వంగకూడదు. కాపురానికొచ్చిననాటి నుంచి తన మంచినీళ్లు తాను ముంచుకుని ఎరగని మొగుడు రోజూ జావ కాచి ఇచ్చాడు. జావంతా ఉండలు కట్టి ఉండేది. ఇంకొకప్పుడైతే గిన్నె గోడకు తగిలేదే. ఇప్పుడు మాత్రం, పోనీలే, నాకోసం పొయ్యి దగ్గర నిలబడ్డాడు అనుకుని మారుమాట లేకుండా తాగింది. కానీ గ్లాసు దించగానే మళ్లీ అదే భయం, పాకిందా లేదా అని.

పరీక్ష ఫలితం వచ్చిందని కబురు రాగానే ఇద్దరూ వెళ్లారు. డాక్టరమ్మ నవ్వుతూనే చెప్పింది. "సంచిలోనే ఉంది, బయటికి పాకలేదు. రేడియేషన్, అదే కరెంటు పెట్టడమంటారే, ఆ పని కూడా లేదు. పిలిచినప్పుడు వచ్చి చూపించుకోండి చాలు. ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

బస్సు దిగి భ్రమరాంబ ఇంటికి పోలేదు. మొగుడు వారిస్తున్నా వినకుండా, మెల్లగా అడుగులేసుకుంటూ పొలం గట్టుకు వచ్చింది. మడి మధ్యలో కలుపు తీస్తున్న హులిగెమ్మ నడుమెత్తి చూసింది.

"ఏమాయెనమ్మా? పోయిందా గాలి?"

భ్రమరాంబ కుట్ల మీద చెయ్యి అదుముకుంది. "పోయిందే హులిగీ! మొత్తం పోయింది!" ఆ పాత కేక మళ్లీ అవతలి గట్టుకు వినబడింది.

హులిగెమ్మ గబగబా గట్టెక్కి వచ్చింది. చేతులు కడుక్కోబోతే భ్రమరాంబ కడుక్కోనివ్వలేదు. ఆ బురద చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వు నా మడిలోకి రానని మొండికెయ్యకపోతే నేనీపాటికి లేనే," అని బావురుమంది.

"ఏడువకమ్మా, కుట్లు గుంజుతయి," అంది హులిగెమ్మ, తనూ ఏడుస్తూ.