రిఫ్రెష్ నొక్కకముందు

వెబ్ పేజీకి రూపం దిద్దే సీఎస్ఎస్ నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి దారి ఏదని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలుసు. తెలిసి నేనేం బాగుపడ్డాను గనక? అందుకే టీ తాగుదాం పదండి అని మాట దాటేస్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ద్వారకానగర్‌లో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు చేసేవాణ్ణి. కింద జిరాక్సు షాపు, పైన మేము. షిప్పింగ్ ఏజెంట్లు, హోటళ్ళవాళ్ళు, కల్యాణ మండపాలవాళ్ళు వచ్చి మాకో వెబ్‌సైటు కావాలనేవారు. పేజీ అంటే మాకు టేబులే. గళ్ళు గీసి పై గడిలో పేరు, ఎడమ గడిలో మెనూ, కుడి గడిలో బొమ్మ పెట్టేవాళ్ళం. అరల బీరువాలో బట్టలు సర్దినట్టు ఉండేది. ఎక్కడ పెట్టింది అక్కడే చచ్చినట్టు పడి ఉండేది. ఏళ్ళ తరబడి ఆ బీరువా మీదే బతికాను.

ఒక రోజు మా ఓనరు గదిలోకి పిలిచాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఎప్పుడూ కేకలెయ్యడు, నాకు భయమూ అందుకే.

"బయటి దేశం పని తెచ్చిపెట్టే ఆయన ఇకమీదట టేబుళ్ళు వద్దంటున్నాడయ్యా. పేజీ అంతా సీఎస్ఎస్‌తోనే చెయ్యాలంట. నీకొచ్చా?"

"రంగులూ అక్షరాలూ మార్చేవరకూ వచ్చండీ."

"రంగులేం చేసుకుంటాం? పేజీ నిలబెట్టాలి గదా. నువ్వు నేర్చుకుంటే ఆ పనంతా నీదే. లేకపోతే హైదరాబాదు నుంచి ఎవర్నైనా తెచ్చుకోవాలి. ఇద్దర్ని పోషించే ఓపిక నాకు లేదు."

అప్పటికే నాకు ముప్పై దాటాయి. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వయసు మించిపోయింది. గాజువాకలో అద్దె ఇల్లు, పెళ్ళాం, పిల్లాడు. ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ లేదు.

ముందు ఒక పుస్తకం కొన్నాను. దిండంత లావు. సగానికి పైగా అక్షరాల సోకులే. ఏది ఎక్కడ నిలబడాలి అన్న అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి రాసినాయన అలిసిపోయినట్టున్నాడు, నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. తర్వాత ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మాస్టారు హెడ్డింగుని ఎర్రగా మార్చి చూపించి, "సీఎస్ఎస్ అంటే ఇంతే, ఇంకేం లేదు" అని జావా పాఠంలోకి వెళ్ళిపోయారు. చివరికి పెద్ద పెద్ద సైట్ల కోడు తెరిచి, కాపీ కొట్టి నా పేజీలో అతికించుకున్నాను. అతికినప్పుడల్లా నాకు వచ్చేసిందనుకున్నాను. వాపు చూసి బలుపు అనుకోవడమంటే అదే. అందులో ఒక్క అంకె మారిస్తే చాలు, కుడి పక్కన ఉండాల్సింది జారి ఎడమదాని కింద పడేది. ఎందుకు పడిందో చెప్పేవాడు లేడు.

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు. ఓడరేవుంది, ఉక్కుంది, నౌకాదళం ఉంది, ఇంత ఊళ్ళో ఈ ఒక్క పని తెలిసిన మనిషి నాకు దొరకలేదు. కాస్త వచ్చిన ప్రతివాడూ రాత్రి బండి ఎక్కి హైదరాబాదు పోయేవాడు.

అలాంటి రోజుల్లో అతను వచ్చాడు. గాజువాకవాడే, నా ఈడువాడే. హైదరాబాదులో ఇదే పని చేస్తున్నాడు. తండ్రి మెట్ల మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆయన లేచి నడిచేదాకా ఇక్కడే ఉండాలని కంపెనీలో జీతం లేని సెలవు పెట్టి వచ్చేశాడు. అంతవరకూ పూటకింత పని ఇమ్మని మా ఓనర్ని అడిగాడు. ఓనరు నావైపు చూసి, "ఉన్నన్నాళ్ళలో పట్టేసుకో" అన్నాడు.

మొదటి రోజే నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. నేను అలవాటుగా ఒక అంకె మార్చి, పేజీ ఎలా మారిందో చూద్దామని రిఫ్రెష్ నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా, నొక్కీకు. ఇప్పుడేటవుతాదో ముందు సెప్పు."

"నొక్కితే తెలుస్తాది గదా."

"నొక్కితే కంప్యూటరుకి తెలుస్తాది. నీకేటి తెలుస్తాది?"

అదీ అతని పద్ధతి. ఏమవుతుందో నా నోటితో చెప్పాలి, అప్పుడే నొక్కాలి. చెప్పిందల్లా తప్పే. తప్పినప్పుడు అతను జవాబు చెప్పేవాడు కాదు, పేరు, మెనూ, బొమ్మ ఉన్న ప్రతి డబ్బా చుట్టూ ఎర్ర గీత గీయించేవాడు. అప్పుడు ఏ డబ్బా ఎంత చోటు తింటోందో కళ్ళకి కనపడేది. కుడిది ఎందుకు జారిపోతోందో కూడా ఆ ఎర్ర గీతల్లోంచే చూపించాడు. డబ్బా వెడల్పుకి దాని చుట్టూ వదిలిన ఖాళీ కూడా కలుస్తుందట.

"షేర్ ఆటోలో ఎనక సీట్లో ముగ్గురే పడతారు. నువ్వు మనిషి లావు లెక్కెడతన్నావు గానీ, ఆడి ఒళ్ళో సంచీ లెక్కెట్టట్లేదు. సంచీతో కలిపి సరిపోకపోతే మూడోవోడు దిగాల్సిందే."

ఆ సాయంత్రం కుడి పక్కది మొదటిసారి ఉన్నచోట నిలబడింది. నొక్కకముందే నిలబడుతుందని నేను చెప్పాను. చెప్పినట్టే జరిగింది. బస్సులో కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఓడరేవు బొగ్గు పొడి కంట్లో పడుతున్నా కిటికీ తెరిచి కూర్చుని ఇంటికి వెళ్ళాను. అంత సంతోషం ఆ ఉద్యోగంలో నాకు మళ్ళీ కలగలేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే, "నాన్నకెలాగుంది బావా?" అని అడిగేవాణ్ణి. రాత్రంతా నొప్పితో పడుకోలేదంటే "పాపం" అనేవాణ్ణి, లోపల మాత్రం ఇంకో వారం దొరికిందనుకునేవాణ్ణి. వాకరు పట్టుకుని లేచాడంటే ఇంకెన్ని రోజులు మిగిలాయో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒక ఆదివారం బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి కూడా వెళ్ళాను. ఆయన మంచం మీద కాలు ఎంత పైకి ఎత్తగలుగుతున్నాడో చూసి వచ్చాను.

"మా నాన్న ఒకటే మెచ్చుకోతన్నాడు బావా," అన్నాడతను మర్నాడు. "సొంత సుట్టాలు కూడా ఇన్నిసార్లు అడగలేదంట."

పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. ముసలాయన ఎముక చక్కగా అతుక్కుంది.

"కర్రట్టుకుని ఈది సివరిదాకా ఎల్లొచ్చీసాడు. నాను సోమారం ఎల్లిపోతన్నాను బావా."

"మంచిదేలే," అన్నాను. "మరి మనం ఇంకా సగంలోనే ఉన్నాం గదా?"

"నీకొచ్చీసింది బావా. మిగతా సగం నువ్వే పట్టీగలవు."

అతను వెళ్ళాక మొదటి బయటి దేశం పేజీ నేనొక్కణ్ణే చేశాను. నా కంప్యూటర్లో గోడ కట్టినట్టు నిలబడింది. ఓనరు తన గదిలో పాత కంప్యూటర్లో తెరిచాడు. పని ఇచ్చినాయన దగ్గరున్నదీ, పేజీలు తెరవడానికి అందులో ఉన్న పాత బ్రౌజరేనట. ఓనరు రిఫ్రెష్ నొక్కకముందు నాలో నేను చెప్పుకున్నాను, నిలబడుతుందని. కుడి పక్కది జారి కింద పడింది.

ఎర్ర గీతలు గీశాను. సంచీలతో సహా లెక్కపెట్టాను. లెక్క సరిగ్గానే ఉంది, అయినా పడుతోంది. హైదరాబాదుకి ఫోన్ చేశాను.

"సూడకుండా ఎలా సెప్పను బావా? ఆ పాత బ్రౌజరుకి ఏవో రోగాలున్నాయి. పక్కనుంటే సిటికెలో సెప్పీద్దును," అన్నాడు. మీటింగుందని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అతన్ని తప్పు పట్టను, అతని పని అతనికుంది.

పేజీ పంపాల్సిన రోజు వచ్చేసింది. చివరికి లోపల ఎవరికీ కనపడకుండా ఒక టేబుల్ పెట్టాను. వెంటనే పేజీ నిలబడింది. పంపించాం. పని ఇచ్చినాయన కోడు తెరిచి చూసినట్టున్నాడు, ఆ తర్వాత మాకు పని పంపలేదు. ఓనరు అప్పుడూ కేకలెయ్యలేదు. "పోనీలేవయ్యా" అన్నాడు. వచ్చే నెల నుంచి ఒక పూట వస్తే చాలన్నాడు.

పూట పని కావడంతో ఎండ నెత్తి మీద ఉండగానే గాజువాకలో బస్సు దిగేవాణ్ణి. అలా దిగిన ఒక రోజు ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. అతని తండ్రి. చేతిలో కూరల సంచీ ఉంది, కర్ర లేదు.

"ఏటి బాబూ, గురుతట్టనేదా? రోజూ నా కాలు గురించి అడిగీవోడివంట గదా. ఉండు, సూపిత్తాను."

సంచీ నా చేతికిచ్చి సోడా బండి దాకా నడిచాడు. అక్కడ తిరిగి, మళ్ళీ నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఎక్కడా కుంటలేదు. ముఖం వెలిగిపోతోంది.

"ఎలాగుంది?"

"బాగుందండీ."

"మావోడు సెప్పాడు. ఆడి పనంతా నీకొచ్చీసిందంట గదా?"

"వచ్చేసిందండీ," అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? అంతలోనే నాకు ఏడుపొచ్చేసింది. బస్టాపులో, పట్టపగలు, ఆయన కూరల సంచీ పట్టుకుని ఏడ్చాను.

ఆయన కంగారుపడి నా వీపు నిమిరాడు.

"ఏడకు బాబూ, ఏడకు. తగ్గిపోనాది గదా."