మొప్పలు చూడనిదే పేరు చెప్పని మా స్వరూప వదిన

నిన్న పొద్దున మునగాల దాటాక ఢాబా దగ్గర టీకి ఆగాను. గ్లాసు చేతిలో ఉండగానే అన్నయ్య ఫోన్.

"చెల్లె, స్వరూప ఇగ లేదే."

బుర్ర పనిచేయలేదు. మొన్న సాయంత్రమే కదా వదిన నాకు ఫోటో పంపి, "దీని కోసం మళ్లీ వైజాగ్ పోవాలె, లీవ్ పెట్టుకో" అని మెసేజ్ చేసింది!

నిద్రలోనే గుండె ఆగిందట. టీ అక్కడే వదిలేసి, సూర్యాపేటకు తిరిగి రాకుండా అటునుంచి అటే మిర్యాలగూడ వెళ్లిపోయాను.

వదిన గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను.

అన్నయ్యది మిర్యాలగూడలో రైస్ మిల్లు. వదిన రోజూ బస్సులో కోదాడ వెళ్లి, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. మా వైపు ఎటు చూసినా వరే. అలాంటి చోట కూర్చుని ఈవిడ సీ స్లగ్స్‌ని గుర్తుపట్టేది.

సీ స్లగ్ అంటే గుల్ల లేని సముద్రపు నత్త అనుకోండి. ఒడ్డున రాళ్ల మధ్య నీటి గుంటల్లో ఉంటుంది. చిన్నదే, కానీ దాని రంగులు చూస్తే పట్టుచీరల షాపు గుర్తొస్తుంది.

కాకినాడ, వైజాగ్ వాళ్లు ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఫోటోలు పెట్టేవాళ్లు. వదిన ఫోటో పెద్దది చేసుకుని చూసేది. తల మీద కొమ్ములు ఎలా ఉన్నాయి, అంచున గీత ఏ రంగు, వెనక పువ్వులా విచ్చుకునే మొప్పలు ఉన్నాయా. అన్నీ కనబడితేనే పేరు చెప్పేది. లేకపోతే "తెలియదు" అని పెట్టేది. గ్రూప్‌లో కొందరికి ఈ "తెలియదు" అంటే ఒళ్లు మంట.

అన్నయ్య మాత్రం ఒక్క చూపులో తేల్చేసేవాడు. "గిదీ మొన్నటిదే కదా?"

"కాదు. ఇది స్లగ్గే కాదు, ఫ్లాట్ వర్మ్. కాయితం లెక్క పల్చగుంది సూడు, మొప్పలేవి?"

అన్నయ్య టీవీ వైపు తిరిగేవాడు.

మొదటిసారి ముగ్గురం వైజాగ్ వెళ్లిన సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దున పోటు, నీళ్లు ఎక్కువుంటాయి, మధ్యాహ్నం పోదామని వదిన ముందే చెప్పింది. అన్నయ్య వింటేగా. పొద్దున్నే లాక్కుపోయాడు. చూస్తే రాళ్లన్నీ నీళ్ల కింద. సాగర్ కాలువ కింద పెరిగిన మనిషి కదా, అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి సీరియస్‌గా వెళ్లి అడిగాడు.

"అన్నా, గీడ నీళ్లు ఎప్పుడు బంద్ చేస్తరు?"

ఆయన వల పక్కన పెట్టి మరీ నవ్వాడు. "సముద్రానికి తూములుండవు బాబూ. కూకోండి, దానంతట అదే పోద్ది."

వదిన ఇసుకలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు అలలు పెద్దగా ఉన్నా, "తూములు తిప్పే మీ కాలువ లష్కర్‌కు ఫోన్ కొట్టు" అని అన్నయ్యను ఏడిపించేది.

పోయిన చలికాలం మళ్లీ వెళ్లాం. అప్పుడు దొరికింది ఆ స్లగ్. పాల రంగు ఒళ్లు, నారింజ అంచు, వంకాయ రంగు కొమ్ములు. వదిన అలాంటిది ఎప్పుడూ చూడలేదు. మా నీడ పడగానే మొప్పలు లోపలికి ముడుచుకుంది. ముట్టుకోవద్దంది. కదలకుండా కూర్చున్నాం. ఈలోగా పోటు మొదలైంది, నీళ్లు నడుం దాకా వచ్చాయి. అది మాత్రం తెరవలేదు.

ఒడ్డు మీద నుంచి అన్నయ్య కేక. "ఏదో ఒక పేరు రాసి రా స్వరూపా, కొట్టుకపోతవ్!"

వదిన తల తిప్పకుండా అంది. "గింజ సూడకుండ నువ్వు లారీ దింపుకుంటవా?"

మిల్లు ఓనర్ మా చెప్పులు తీసి తడవకుండా పైకి జరిపాడు.

ఆ ఫోటో గ్రూప్‌లో పెట్టి, కింద "మొప్పలు కనబడలేదు. పేరు తెలియదు" అని రాసింది. అది తేలక ఆమెకు మనసు నిలవలేదు. మొన్న నాకు పంపింది ఆ ఫోటోనే.

నిన్న అన్నీ అయిపోయి ఇంటికొచ్చేసరికి గ్రూప్ నిండా మెసేజ్‌లు. ఇది కొత్త జాతే అయి ఉంటుంది, స్వరూప మేడమ్ పేరు పెట్టేద్దాం అని. అందరూ దండాలు, పూలు. ప్రేమతోనే అన్నారు, కాదనను.

అన్నయ్య ఫోన్ నా చేతికిచ్చాడు. "పెట్టనీ చెల్లె. పేరన్న మిగుల్తది."

నేను అడిగాను. "వదిన ఒప్పుకుంటదా అన్నా?"

నా చేతిలోని ఫోటో వేలితో పెద్దది చేసి చూశాడు. "ఒప్పుకోదు. మొప్పలేవి అని అడుగుతది."

అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆమె లేని ఇల్లు నాకు అస్సలు నచ్చలేదు.

గ్రూప్ వాళ్లకు నా రిక్వెస్ట్ ఒక్కటే. దయచేసి ఆ ఫోటో కింద ఏ పేరూ రాయకండి. వదిన రాసిన "తెలియదు" అలాగే ఉండనివ్వండి.

ఇందాక బయల్దేరుతుంటే అన్నయ్య గేటు దాకా వచ్చాడు.

"చలికాలంల పోదాం చెల్లె. ఈసారి నీళ్లు ఎప్పుడు తగ్గుతయో నేనే సూసి పెడ్త."

వదినా, నువ్వింక హాయిగా విశ్రాంతి తీసుకో. అది మొప్పలు తెరిచేదాకా మేం కూర్చుంటాం.