కర్పూరం మసి

ఆయన పేరు నాకు తెలియదు, బొటనవేలు మాత్రం మరిచిపోలేను. పటమటలో పాతకాలపు తుపాకీ గొట్టాలకు రంగు తెప్పించే మేస్త్రిగారు ఆయన. అది పూసే రంగు కాదు. ఇనుముకు కావాలనే సన్నగా తుప్పు పట్టించి, వేడినీళ్లతో కడిగి, తోమి, మళ్లీ పట్టించేవారు. రోజుల తరబడి అలా చేస్తే గొట్టం చింతగింజ రంగుకు తిరిగేది.

పామర్రు నుంచి మా ముత్తాతగారి తుపాకీ తీసుకెళ్లాను. మేస్త్రిగారు దాన్ని తిప్పి చూశారు.

"మందుకి నిప్పంటించే ఈ వెనక చిల్లు దగ్గర ఇంత నల్లబడిందేంటండీ?"

"కర్పూరం మసండీ. దసరా పూజకి హారతి అక్కడే వెలిగిస్తాం."

ఆయన ఏ తుపాకీకైనా ముందు చేసే పనే చేశారు. గొట్టంలోకి వెదురుపుల్ల దించి, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పెట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించారు. పుల్ల దిగిన లోతు గొట్టం పొడవుకన్నా జానెడు తక్కువ వచ్చింది. మళ్లీ దించారు. అంతే వచ్చింది. ఈసారి పుల్ల మీద నుంచి ఆయన బొటనవేలు తియ్యలేదు.

తుపాకీ మూతిని మెల్లగా గోడవైపు తిప్పారు.

"కదలకండి. మందూ గుండూ ఇంకా లోపలే ఉన్నాయండీ."

లోపలి మందు తడిసేలా చిల్లులోకి చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ ఆయన అడిగారు.

"హారతి ఇచ్చేటప్పుడు దీని ఎదురుగా ఎవరుంటారండీ?"

ఏటా తుపాకీ మూతికి బొట్టు పెట్టేది మా పాప. పెట్టాక, హారతి వెలుగుతుండగానే వంగి, ఒక కన్ను మూసుకుని, లోపల ఏముందోనని చూస్తుంది.