ఫోర్‌మన్ సారు బండిని కోసేశాను

ముత్తంగి దగ్గర పాత ఇనుము కొనే సేటు దుకాణానికి నెలకోసారైనా వెళ్తుంటాను. అల్యూమినియం రాడ్ల ముక్కలు అక్కడ దొరుకుతాయి. మా ఆయనా నేనూ నడుపుకుంటున్న చిన్న వర్క్‌షాపుకి అవి అవసరం. ఆయనది వెల్డింగు, నాది లేతు పని. ఆ రోజు ముక్కలు ఏరుకుంటుంటే, విరిగిన కూలర్ల వెనక గోడకి ఆనించిన మోటార్ సైకిల్ ఒకటి కనిపించింది. జంట సైలెన్సర్ల పాత టూ స్ట్రోక్ బండి. టైర్లలో గాలి లేదు. సీటుని ఎలుకలు కొరికేశాయి. ట్యాంకు మీద ఎవరో చేత్తో గీసిన సన్నటి బంగారు రంగు గీత మాత్రం చెక్కుచెదరలేదు. నంబరు ప్లేటు చూడకముందే అది ఎవరి బండో నాకు తెలిసిపోయింది.

మాది లక్డారం. ఐటీఐ అయిన వెంటనే పటాన్‌చెరులో పంపుల షాఫ్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. మా ఊరి ఆడవాళ్లు ఫ్యాక్టరీలకి వెళ్తే ప్యాకింగుకో, ఊడవడానికో వెళ్లేవాళ్లు. మైక్రోమీటరు పట్టుకుని తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నది నేనొక్కదాన్నే. మా నాన్న ఆ సంగతి చాయ్ హోటల్లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకునేవాడు.

ఫోర్‌మన్ సారు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. పని తెలిసినవాడే, కాదనను. ఆ బండిని షెడ్డు నీడలో నిలిపి, రోజూ డ్యూటీ ఎక్కేముందు మెత్తటి గుడ్డతో తుడుచుకునేవాడు. లేతు మీద పనిచేసే ఒక టర్నరు దాని సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టాడని మధ్యాహ్నం దాకా తిట్టాడు.

నేను చేరిన రెండో ఏడు ఒక లాటు షాఫ్టులు కొన్నవాళ్ల దగ్గర నుంచి తిరిగొచ్చాయి. బేరింగు కూర్చునే చోట సైజు తక్కువైంది. నాకిచ్చిన డ్రాయింగు తీసి మళ్లీ కొలిచాను. దాని ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. సారు నా చేతిలోంచి మైక్రోమీటరు లాక్కున్నాడు.

"డ్రాయింగు సంగతి నాకు చెప్తావా? కళ్లు కనబడనిదానివి, కొలతల దగ్గరికెందుకొచ్చావ్?"

ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళ నన్ను గేటు దగ్గర, తిరిగొచ్చిన షాఫ్టుల డబ్బా పక్కన నిలబెట్టాడు. దిగే షిఫ్టూ ఎక్కే షిఫ్టూ నా ముందు నుంచే నడిచి వెళ్లాయి. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు.

సంగారెడ్డి వెళ్లి కంటి డాక్టరుకి చూపించుకున్నాను. కళ్లు బాగున్నాయన్నాడు. నమ్మకం కుదరక ఇంకో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీలోనూ నాకు కొలతల పని ఇవ్వలేదు. పెళ్లయ్యేదాకా, అయ్యాక కూడా చాలా ఏళ్లు గోదాముల్లో అట్టపెట్టెలకి టేపు వేశాను. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ హోటల్‌కి వెళ్లడం మాత్రం మానేశాడు. ఆయన పోయాక, అప్పటి టర్నరే ఒకసారి బస్సులో కలిసి అసలు సంగతి చెప్పాడు. మార్చిన డ్రాయింగు సారు సొరుగులోనే ఉండిపోయిందట. నాకిచ్చింది పాతదట. నన్ను గేటు దగ్గర నిలబెట్టేసరికే ఆ సంగతి సారుకి తెలుసట.

"ఈ బండి యాడికెల్లి వచ్చింది?" అని సేటుని అడిగాను.

"సంగారెడ్డిల ఒక ముసలాయనది అక్కా. ఇంట్ల జారిపడి దవాఖానల ఉంటే, ఇంట్లోల్లు జాగ లేదని అమ్మేసిన్రు. వాపస్ వచ్చినంక మస్తు లొల్లి చేసిండంట."

ఆ చివరి మాట విన్నాక నేను బేరం ఆడలేదు, అడిగినంతా ఇచ్చి కొనేశాను.

బండిని షాపుకి తెచ్చాక మా ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "పాతగ ఎట్లుండెనో గట్లనే తయారు చేద్దాం. ఇసుంటి బండ్లంటే ఇప్పుడు జనం ఎగబడుతున్రు" అన్నాడు.

"గట్ల చేస్తే మల్ల ఆయన బండే అయితది. కోసేద్దాం" అన్నాను.

పట్నంలో కాలేజీ పిల్లలు పాత బండ్లని కేఫ్ రేసర్లుగా మార్చుకోవడం ఫోన్లో చూశాను. హ్యాండిలు కిందికి దించి, కాళ్లు పెట్టుకునే రాడ్లు వెనక్కి జరిపి, ఒక్క మనిషి కూర్చునే సీటు పెడతారు. అక్కర్లేనిదంతా తీసిపారేస్తారు. నాకు నచ్చింది ఆ తీసిపారెయ్యడమే. సారు ఇరవై ఏళ్లు తుడుచుకున్న మడ్‌గార్డుల్ని గ్రైండరుతో నేనే కోశాను. వెనక చాసిస్ కడ్డీలు కోసి పొట్టిగా చేశాం. పట్టేసిన పిస్టన్లని నానబెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి బయటికి తీశాం. హ్యాండిలు బిగించే క్లాంపులు సేటు దగ్గర తెచ్చిన ముక్కల్లోంచి నేనే లేతు మీద తిప్పాను. ట్యాంకు రంగు గీకడానికి మా ఆయన మిషన్ తీస్తే వద్దన్నాను. ఆ బంగారు గీతని ఉప్పు కాగితంతో, చేత్తో, మూడు ఆదివారాలు గీకాను. వేళ్లు పగిలాయి. అంత సంతోషంగా నేను ఏ పనీ చెయ్యలేదు.

దొంగలు ఎత్తుకుపోకుండా సీటు కింద ఒక చిన్న స్విచ్చు పెట్టాను. అది నొక్కితే ఎంత కిక్కు కొట్టినా బండి స్టార్టవదు.

బండి తయారయ్యాక ఒక పొద్దున దాని మీద సంగారెడ్డి వెళ్లాను. సారు ఇల్లు సేటు చెప్పాడు. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శబ్దం వినగానే, నేనింకా వీధి మలుపులో ఉండగానే, లేచి నిలబడ్డాడు. దిగుతూ సీటు కింద చెయ్యి పెట్టి స్విచ్చు నొక్కాను.

ఆయన గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. గడ్డం వణికింది. నేను చూడాలనుకుని వచ్చింది అదే. కళ్లారా చూశాను.

"ఎవరు కోశారు దీన్ని?"

"నేనే సార్."

దగ్గరికొచ్చి అతుకుల మీద వేలు పెట్టి తడిమాడు. క్లాంపుల దగ్గర ఆగాడు. "ఇవి తిప్పిందెవరు?"

"గవి గూడ నేనే."

అప్పుడు నా మొహంలోకి చూశాడు. "షాఫ్టుల అమ్మాయివి కదూ" అన్నాడు.

"గా పాత డ్రాయింగు నాకు ఇచ్చిందెవరు సార్?"

ఆయన ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నేనేనమ్మాయ్. అప్పటికి నా రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. ఆ టైములో నా మీదికి వస్తే..." మాట వదిలేసి బండి వైపు తిరిగాడు. "ఒక్కసారి కిక్కు కొట్టుకోనిస్తావా?" అన్నాడు.

"ఇప్పుడు చెప్పింది కాయిదం మీద రాసియ్యున్రి. ఇస్త."

ఆయన భార్య అప్పుడే నీళ్లు తెచ్చి, ఏం అర్థంకాక ఇద్దర్నీ చూసింది. ఆవిడ చేతే కాగితం తెప్పించాడు. తప్పు డ్రాయింగు ఇచ్చింది తానేననీ, కొలతలు చూసిన ఇన్‌స్పెక్టరు దోషం ఏమీ లేదనీ రాశాడు. కింద ఫ్యాక్టరీలో పెట్టినట్టే పొడుగాటి సంతకం పెట్టాడు. నేను చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుని తాళంచెవి ఇచ్చాను.

స్విచ్చు సంగతి చెప్పలేదు.

ఒకటి, రెండు, మూడు. పంచె ఎగ్గట్టి కొట్టాడు. భార్య "వద్దండీ, పడతారు" అంటూనే ఉంది. ఆరో కిక్కుకి హ్యాండిలు మీద వాలిపోయి ఊపిరి తీసుకున్నాడు.

"స్పార్కు రావట్లేదమ్మాయ్."

"స్పార్కు మంచిగనే ఉన్నది సార్. మీ కాలుల బలం లేదు."

ఆయన తన కాలివైపు చూసుకున్నాడు. నేను ఎక్కి, స్విచ్చు తీసి, ఒక్క కిక్కుకే స్టార్ట్ చేసి వచ్చేశాను.

కాగితం మా ఆయనకి చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆయన చదివి కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "తప్పు నీ స్విచ్చుది, దాన్ని ఆయన కాలు మీదేసినవ్. ఆయన గూడ నీకు గదే చేసిండు గదా" అన్నాడు.

"గదే చేద్దామని పోయిన" అన్నాను. నిజంగానే దాని కోసమే వెళ్లాను. సిగ్గుపడాల్సిందేమో. పడలేదు.

కాగితానికి ఫ్రేము కట్టించి లేతు పైన గోడకి వేలాడదీశాను. షాపుకి వచ్చే పాత ఫ్యాక్టరీ వాళ్లు నిలబడి చదువుతారు. ఆ టర్నరు వచ్చినప్పుడు రెండుసార్లు చదివాడు.

నెల తిరగకుండానే సారు భార్య షాపు నంబరు ఎవర్నో అడిగి ఫోన్ చేసింది. కోపంగా ఏమీ లేదు. "ఆయన రోజూ పొద్దున్నే మేడమెట్లు ఎక్కి దిగుతున్నారమ్మా. కాలికి బలం రావాలట. నువ్వు బండి తీసుకుని మళ్లీ ఎప్పుడొస్తావో కనుక్కోమంటున్నారు."

"పని ఎక్కువున్నదమ్మా, సూస్త" అని పెట్టేశాను. ఆవిడ ఇంకో రెండుసార్లు చేసింది. నేను ఇప్పటిదాకా వెళ్లలేదు.